వినిఫ్రెడ్ తాళంచెవులు

వెల్మ్‌స్టోలో చర్చి చూడాలంటే
పోస్టాఫీసు పక్క పచ్చ తలుపు తట్టాలి.
ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ
వినిఫ్రెడ్ థర్కెటిల్ వస్తుంది.
ఎనభై రెండు నిండాయి.
చేతిలో ఇనప వలయం, దానికి మూడు తాళంచెవులు.
తలుపు తీసేది ఒక్కటే.
మిగతావి ఎందుకని అడక్కండి,
అడిగితే టీ చల్లారిపోతుంది.

నేను అడిగాను.

అరచేయంత ఉన్నది
సెయింట్ బోటొల్ఫ్ చర్చిదట.
ఉత్తర సముద్రం హెర్రింగ్ చేపల్ని
వెండి నాణేల్లా ఒడ్డుకి కుమ్మరించిన రోజుల్లో కట్టింది.
ప్రతి పడవా దేవుడికి దశమభాగం ఇవ్వాలి.
పాదిరి ఇసకలో నిలబడి బుట్టలు లెక్కపెట్టేవాడు.
ఆరాధన వేళ కూడా ఆయన అంగీ మీద
పొలుసులు మెరిసేవి.

చేపలు దారి మార్చుకున్నాయి.
సముద్రం మార్చుకోలేదు.
వడ్డీ వసూలుకొచ్చే షావుకారులా
ముందు సంతవీధి దాకా,
తర్వాత ఉప్పుకొట్ల దాకా,
తర్వాత సమాధుల దొడ్డి.
తెగిన చరియలోంచి ముత్తాతల మోకాళ్ళు
బయటికి పొడుచుకొస్తుంటే
బడిపిల్లలు చుట్టుదారిన పోయేవాళ్ళు.
చివరికి ఒక జనవరి రాత్రి, గోపురం.

చూడవచ్చిన ప్రతివాళ్ళూ అడిగేది ఇదే:
నీళ్ళ కింద గంటలు మోగుతాయటగా?
వినిఫ్రెడ్‌కి ఒళ్ళు మండేదీ ఇక్కడే.
“ఏ గంటలు?
సముద్రం రాకముందే అమ్ముకు తిన్నాం.
రేవుగోడకి డబ్బు చాలక
అయిదింటినీ గుర్రబ్బండ్లకెత్తి
లోపలి ఊరు హాల్స్‌బీకి తోలాం.
గోడ పదకొండు చలికాలాలు నిలబడింది.
గంటలు ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాయి.”

పడమటి గాలి వీచే ఆదివారాల్లో
ఈ ఊరి గంటలు
పొరుగూరి వాళ్ళని ప్రార్థనకి పిలవడం
ఇక్కడికి స్పష్టంగా వినిపిస్తుంది.
అప్పుడామె కిటికీ మూసేస్తుంది.

రెండోది ఇత్తడిది, చిటికెన వేలంత.
ముందు బల్లలకి అద్దె కట్టిన పడవల ఆసాములు
కూర్చుని పాడుతుంటే
తెడ్లు వేసేవాళ్ళు వెనక నిలబడి పాడారు, చాలా ఏళ్ళు.
ఒక ఈస్టరు నాడు కీర్తన మధ్యలో
నలభై మంది బయటికి నడిచారు.
పాత పడవల చెక్కలతో, తారు పూసి,
బోర్లించిన పడవలాంటి కప్పుతో
బెతెల్ అని సొంత మందిరం కట్టుకున్నారు.
రెండు తరాలు
ఆ గడపకీ ఈ గడపకీ పెళ్ళిళ్ళు లేవు.
వినిఫ్రెడ్ అమ్మమ్మ వీధి దాటి చేసుకుంది;
పెళ్ళికి ఎవరూ రాలేదు, కేకు వారం రోజులు తిన్నారు.

బెతెల్ ఇప్పుడు లండన్ దంతవైద్యుడి వేసవి ఇల్లు.
ఆయన తాళం మార్చాడు.
పాత చెవి తిరిగిమ్మని
ఎవరూ అడగలేదు.

మూడోది తిరిగింది, కొంచెం మొరాయించి.
సెయింట్ మేరీ. చెకుముకి రాళ్ళ గోడలు, తడి వాసన.
కప్పు కింద వరసగా చెక్క దేవదూతలు,
విగ్రహాలు పాపమన్న సైనికులు ముఖాలు చెక్కేశారు.
ఒక్కదానికి మిగిలింది ముఖం.
దానికి భక్తి కారణం కాదు, “నిచ్చెన పొట్టిది” అంది ఆమె.
గోడకి మునిగిపోయినవాళ్ళ పేర్ల పలక:
థర్కెటిల్, థర్కెటిల్, గూడర్‌హామ్, థర్కెటిల్,
కింద ఇంకో ఇద్దరికి చోటు వదిలి రంగు వేశారు.
ఆదివారం పన్నెండు మంది వస్తారు. వాన పడితే తొమ్మిది.

బయటికొచ్చి తాళం వేసి
జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసింది.
తూర్పు గోడ నుంచి చరియ అంచు దాకా
ఏటా తనే అడుగులు కొలుస్తుంది.
అరవై ఒకటి. అరవై ఒకటి. అరవై.
అరవై ఒకటి. తొమ్మిదేళ్ళుగా అంతే.
“ఇంజినీర్లు ఊరికే భయపెడతారు,
సముద్రం ఆగింది,” అని
మళ్ళీ కొలవడం మొదలుపెట్టింది
గడ్డి మీద, గాలికి ఒరుగుతూ,
బూటు మడమకి బూటు ముక్కు దాదాపు తగిలేలా.

నేను వెనకే నడిచాను.
నాకు ముప్పై ఎనిమిది వచ్చాయి.
చెప్పలేదు.